ఉసిరి కింద కూర్చుని ఆకును వెతకండి – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కార్తీకం కదా, వనభోజనాలకూ స్కూలు పిల్లల విహారయాత్రలకూ అందరూ బొటానికల్ గార్డెన్ల దారి పట్టే రోజులు. తీరా అక్కడికెళ్లాక పిల్లలకు ఏం చూపించాలి, ఏం చేయించాలి అని టీచర్లు, తల్లిదండ్రులు రాశారు. ఇద్దరు పిల్లలు కూడా రాశారు, వాళ్ల ఉత్తరాలు నాకు మరీ నచ్చాయి.

కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను. రిటైరయినప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు హైదరాబాదు కొండాపూర్‌లో ఉన్న కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్‌కు తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల్ని తీసుకెళ్తున్నాను. ఒక్కోసారి పన్నెండు మందే. కింద రాసినవన్నీ వాళ్లతో కలిసి చేసి చూసినవే.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. వచ్చే నెల తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందిని కొండాపూర్ గార్డెన్‌కు తీసుకొస్తున్నాం. చేతిలో ఉండేది మూడు గంటలే. పోయినేడు పిల్లలు చెట్లకున్న బోర్డులు చూసి పేర్లు రాసుకున్నారు, ఫొటోలు దిగారు, బస్సెక్కేశారు. మర్నాడు అడిగితే ఒక్క చెట్టు గురించీ ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. ఈసారి ఏం చేయించమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: మాస్టారూ, ఈసారి నడక తగ్గించండి. రెండే రెండు చెట్లు చాలు, వేప, ఉసిరి. ఓ వారం ముందు మీరొక్కరే వచ్చి అవి ఎక్కడున్నాయో, కింద నలభై మంది కూర్చునే చోటుందో లేదో చూసుకోండి. అక్కడి సిబ్బందితో మాట్లాడి, రాలినవి ఏరుకోవచ్చా, చెట్టుకున్నవి తాకవచ్చా అని ముందే అడగండి. కోయడం మాత్రం వద్దు. రాలినవాటితోనే పని జరిగిపోతుంది.

పిల్లల్ని ఐదుగురేసి ఎనిమిది జట్లు చేయండి. జట్టుకొక భూతద్దం, ఒక చార్టు ముక్క, ఒక పెన్సిలు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న మడత లెన్సు అయితే మంచిది. దాన్ని పట్టుకోవడం నేర్పకపోతే మాత్రం ఉన్నా లేనట్టే. పిల్లలు చేయి చాచి దూరంగా పెట్టి చూస్తారు. లెన్సు కంటికి దాదాపు ఆనించి, ఆకునే దగ్గరికి తెచ్చుకోవాలి. ఈ ఒక్క సంగతికి ఐదు నిమిషాలు ఖర్చుపెట్టండి. మొదటి గంట ఫోన్లు సంచుల్లోనే ఉండాలి, చూసింది బొమ్మ గీయాలి. బొమ్మ బాగా రాలేదని ఎవరైనా దిగులుపడితే, గీతలు వంకరపోయినా ఫర్వాలేదు, లెక్క తప్పకూడదు అని చెప్పండి. ఐదుంటే ఐదే గీయాలి.

ఇప్పుడు పని. వేపచెట్టు కింద నిలబెట్టి, తలా ఒక ఆకు తెమ్మనండి. మరో ముక్క చెప్పకండి. నలభై మందిలో ముప్పై ఐదు మంది రంపపు పళ్ల అంచున్న ఆ చిన్న ముక్క ఒక్కటే తెస్తారు. మనమంతా వేపాకు అనేది దాన్నే కదా. అప్పుడు అడగండి, ఇది ఆకు అని మీకెలా తెలుసు?

ఆ ప్రశ్న అడిగేసి ఊరుకోవాలి. నాకు అన్నిటికంటే కష్టమైన పని అదే, మీకూ కష్టంగానే ఉంటుంది. కాసేపు గుసగుసలాడుకుంటారు. పచ్చగా ఉంది కాబట్టి అని ఒకరంటారు. లేత కొమ్మ కూడా పచ్చగానే ఉంటుంది కదా అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఆ వాదన కాస్త ముదిరాక, అందేంత ఎత్తులో ఉన్న ఒక కొమ్మ దగ్గరికి తీసుకెళ్లి ఆకు చంకలో ఏముందో చూడమనండి. పుస్తకంలో గ్రీవకోరకం అని చదువుకున్నదే, అంటే ఆకు కొమ్మకు అతుక్కున్న చోట పైమూలలో ఉండే మొగ్గ. వేపలో ఆ చిన్న ముక్కల చంకల్లో మొగ్గ కనబడదు. అవన్నీ బారులు తీరిన పొడవాటి ఈనె కొమ్మకు కలిసే చోట మాత్రం, లెన్సులో చూస్తే చిన్న గోధుమరంగు బొడిపె కనిపిస్తుంది. అంటే ఆ రెమ్మ మొత్తం కలిసి ఒకటే ఆకు. మనం ఆకనుకున్నది పత్రకం.

ఇది తేలిన ఉత్సాహంలో ఉండగానే ఉసిరి దగ్గరికి తీసుకెళ్లండి. చూడటానికి ఉసిరి రెమ్మ చింతాకులా, వేపరెమ్మలా ఉంటుంది. రెండు వరసల్లో బుల్లి బుల్లి ఆకులు. పిల్లలంతా ఒక్క గొంతుతో ఇది కూడా సంయుక్త పత్రమే, అంటే చాలా పత్రకాలున్న ఒకే ఆకు, అంటారు. మీరు అవుననీ అనకండి, కాదనీ అనకండి.

పోయిన కార్తీకంలో మా జట్టులో ఒక అమ్మాయి ఇలాగే అనేసి బొమ్మ గీయడం మొదలుపెట్టింది. సగం గీసి ఆగిపోయింది. పెన్సిలు ఆ రెమ్మ మొదట్లో ఉన్న ఉసిరికాయ దగ్గర పెట్టి, మేడమ్, ఇది ఆకైతే ఆకుకు కాయ ఎలా కాసింది అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తనే మళ్లీ లెన్సు తీసుకుని కాయ తొడిమ ఎక్కణ్నుంచి వచ్చిందో చూసింది. ఆ బుల్లి ఆకు చంకలోంచే వచ్చింది. పక్కనున్న అబ్బాయి, అయితే ఈ బుల్లివే ఆకులు, ఈ రెమ్మంతా కొమ్మ అన్నాడు. అలా అని ఆ అమ్మాయి ఒప్పేసుకోలేదు. కింద రాలిన రెమ్మలు రెండు చేతులా ఏరి తెచ్చి, కొమ్మైతే ఆకులాగా మొత్తం ఊడి రాలుతుందా అని అడిగింది. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. ఇద్దరూ చూసింది నిజమే. ఉసిరిలో అవి పొట్టి కొమ్మలు, వాటి మీదున్నవి సరళ పత్రాలు, అంటే పత్రకాలుగా విడిపోని ఆకులు. ఆ పొట్టి కొమ్మలే ఆకుల్లాగా మొత్తంగా రాలిపోతాయి. నేను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పిన పాఠమే ఇది. ఏ క్లాసులోనూ ఒక్క పిల్లా కాయ మాట ఎత్తలేదు, ఎందుకంటే నా బొమ్మలో కాయ ఉండేది కాదు.

మీ పిల్లలు ఇక్కడిదాకా వస్తే గంటన్నర అయిపోతుంది. మిగిలిన సమయంలో చెట్టు చుట్టుకొలత తీయించండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తాడు చుట్టి కొలవడం అటవీశాఖ వాళ్ల పద్ధతి. ఎత్తుకేమో, ఎండలో మీటరు కర్ర నిలబెట్టి దాని నీడా చెట్టు నీడా కొలిస్తే లెక్క వచ్చేస్తుంది. సరూప త్రిభుజాలు వాళ్లకు లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు, లేకపోతే వచ్చే ఏడు చెబుతారు. బోర్డుల మీది పేర్లు చివర్లో చూసుకోనివ్వండి. బొమ్మ వేశాక చూసిన పేరు మర్చిపోరు.

ప్రశ్న: మేడమ్, మేడిపండులో పురుగులుంటాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మా పొలం గట్టున మేడిచెట్టు ఉంది. పండు విప్పితే నిజంగానే సన్నటి రెక్కల పురుగులు ఎగిరాయి. అవి లోపలికి ఎలా వెళ్లాయి? మేడికి పువ్వు నేనెప్పుడూ చూడలేదు. మేం అంజీర్ కూడా తింటాం, అందులోనూ ఉంటాయా?
– పదో తరగతి విద్యార్థి, ఖమ్మం జిల్లా

జవాబు: బాబూ, నువ్వు పండు విప్పి చూశావు, అక్కడే సగం పని అయిపోయింది. ఇప్పుడు ఇంకొకటి తెచ్చుకో. పండింది వద్దు, పచ్చిగా గట్టిగా ఉన్నది. కాయలు కాండం మీదే గుత్తులుగా ఉంటాయి కాబట్టి ఎక్కాల్సిన పని లేదు. బ్లేడుతో నిలువునా రెండు ముక్కలు చెయ్యి, పక్కన అమ్మనో నాన్ననో ఉండనీ. పాలు కారుతుంది, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి చూడు. లోపలి గోడంతా సన్నటి నూగులా కనిపిస్తుంది చూడు, అవే పువ్వులు. వందల కొద్దీ ఉంటాయి. నువ్వు చూడని మేడిపువ్వు అదే. మనం కాయ అనేది లోపలికి మూసుకుపోయిన పూలగుత్తి.

ఇక పురుగులు. కాయ కొనన, తొడిమకు ఎదురుగా, పొలుసులతో మూసినట్టున్న సన్నటి దారి ఉంటుంది. ఆవగింజంత కందిరీగ ఆడది ఆ సందులోంచి లోపలికి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి. ఇక బయటికి రాదు. లోపల కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది, వస్తూ వస్తూ తను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని మిగతా పువ్వులకు అంటిస్తుంది, అక్కడే చనిపోతుంది. గుడ్లు పెట్టిన పువ్వుల్లో పిల్ల కందిరీగలు, పుప్పొడి తగిలిన పువ్వుల్లో మేడి విత్తనాలు తయారవుతాయి. పిల్లల్లో ముందు మగవి బయటపడతాయి. వాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు కన్నం తొలుస్తాయి. ఆ కన్నంలోంచి ఆడవి పుప్పొడి మోసుకుని ఎగిరిపోయి ఇంకో మేడికాయను వెతుక్కుంటాయి. నువ్వు చూసిన రెక్కలవి అవే. ఆ పని చేసే ప్రధాన కందిరీగ శాస్త్రీయ నామం సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. మేడి లేకపోతే అది లేదు, అది లేకపోతే మేడికి విత్తనం లేదు.

నీకొక పని చెబుతాను. ఎర్రబడటానికి సిద్ధంగా ఉన్న కాయలు నాలుగైదు తెచ్చి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచు. తెల్లారి లేచి చూడు. సరైన అదనులో కోసి ఉంటే సీసా గోడల మీద కందిరీగలు పాకుతుంటాయి. ఒక్కోసారి పొడవాటి తోక ఉన్నవి కూడా కనిపిస్తాయి. అవి పుప్పొడి మోసేవి కావు, బయటి నుంచే కాయలోకి ఆ సూది గుచ్చి గుడ్లు పెట్టేసే వేరే జాతులు. రెండు రకాలనూ విడదీసి లెక్కపెట్టు. ఒకే చెట్టు నుంచి నెలకోసారి తెచ్చి లెక్కపెడితే నీ దగ్గరుండే పుస్తకం మీ ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఉండదు.

అంజీర్ సంగతి. బజారులో దొరికే అంజీర్‌లో ఎక్కువ రకాలు పుప్పొడి తగలకుండానే పండుతాయి. వాటికి కందిరీగ పనే లేదు, కాబట్టి నిశ్చింతగా తిను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. నీట్ కోచింగ్ కూడా ఉంది. ఈ మధ్య ఆదివారాలు గార్డెన్‌కు వెళ్తానని గొడవ చేస్తోంది. ఉన్న ఒక్క సెలవూ చెట్ల వెంట తిరిగితే ర్యాంకు ఏమవుతుందోనని నాకు టెన్షన్. మీరైతే ఏమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ టెన్షన్ నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఇద్దరు ఆ పరీక్షలు రాశారు. గార్డెన్‌కు వెళ్తే ర్యాంకు వస్తుందని నేను మాట ఇవ్వలేను. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360 అక్కడే. అంత బరువున్న సబ్జెక్టు మీద పిల్లకు ఇష్టం పుడుతుంటే దాన్ని ఆపేయడం మాత్రం నాకు మంచిదనిపించదు. నెలకు రెండు పూటలు అడుగుతోంది, అంతే కదా.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే ఒక సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి ఒకతె మా జట్టులో చేరింది. పరాగ సంపర్కం మీద ఏ ప్రశ్న అడిగినా టకటకా చెప్పేది. బతుకమ్మ రోజులు, రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. ఒక పువ్వు చేతికిచ్చి, పుప్పొడి చూపించు అన్నాను. కేసరాలు వేలితో రాసింది, వేలికి ఏమీ అంటలేదు. ఈ పువ్వు పాడైపోయినట్టుంది మేడమ్ అంది. మరో పువ్వు, ఇంకో పువ్వు. అన్నీ అంతే.

తంగేడు పరాగకోశాలు, అంటే పుప్పొడి ఉండే సంచులు, మందారంలా పగిలి పుప్పొడి బయట పోసుకోవు. కొనన సన్నటి రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బాకు చిల్లి ఉన్నట్టు. తేనె కూడా ఉండదు, వచ్చే తుమ్మెద పుప్పొడి కోసమే వస్తుంది. పువ్వును కాళ్లతో పట్టుకుని రెక్కల కండరాల్ని ఝుమ్మని అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. ఆ పిల్లకు ఇది చెప్పలేదు. పొద కింద కూర్చుని తుమ్మెద వచ్చేదాకా చూడమన్నాను. అది పువ్వు మీద వాలగానే రొద మారింది. ఎగిరేటప్పుడు ఒక శ్రుతి, పువ్వు మీద ఇంకో శ్రుతి. ఆ పిల్ల ఉలిక్కిపడి నావైపు తిరిగి, మేడమ్ సౌండు మారింది అంది. అప్పుడు సంచిలోంచి ఫిజిక్స్ ల్యాబులో వాడే శృతిదండం తీసి ఇచ్చాను. రబ్బరు చెప్పు మీద కొట్టి, అదురుతున్న దాన్ని కేసరాలకు ఆనించింది. కింద పెట్టిన నల్ల కాగితం మీద పసుప్పచ్చటి పొడి రాలింది.

మీ ఇంట్లో వంగ మొక్క ఉన్నా, టమాటా ఉన్నా మీ అమ్మాయి ఇది చేసి చూడొచ్చు, అవీ అదురుకే పుప్పొడి రాలుస్తాయి. ఒక్క ఆదివారం మీరూ తనతో వెళ్లండి. ఇంటికొచ్చాక ఏం చూసిందో మీకు చెప్పమనండి. అరగంట ఆపకుండా చెబితే పంపిస్తూ ఉండండి. ఫొటోలు మాత్రమే చూపిస్తే అప్పుడు ఆలోచించుకుందురు గాని.

ప్రశ్న: మా స్కూల్లో ఉన్న ఒక్క మైక్రోస్కోపూ బీరువాలోనే ఉంటుంది, పాడైతే జవాబుదారీ ఎవరని తియ్యనివ్వరు. పత్రరంధ్రాలు, అదే ఆకు మీదుండే సన్నటి రంధ్రాలు, పిల్లలకు చూపించాలని ఉంది. దారి ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: ఉంది. రంగులేని నెయిల్ పాలిష్ సీసా ఒకటి, సెల్లో టేపు, గాజు స్లైడులు కొనుక్కోండి. మందారాకు అడుగువైపు వేలిగోరంత మేర పల్చగా ఒక్క పూత పూయించండి. మందంగా పూస్తే ఏమీ కనబడదు. పది నిమిషాలు ఆరనిచ్చి, టేపు అంటించి మెల్లగా లాగితే ఆకు చర్మం అచ్చు పొరగా లేచి వస్తుంది. దాన్ని స్లైడుకు అంటించేయడమే. నీళ్లు, రంగులు ఏమీ అక్కర్లేదు. ఇలా తీసిన అచ్చులు డబ్బాలో దాచుకుంటే నెలల తరబడి ఉంటాయి. గార్డెన్‌లో అచ్చులు తీసుకుని స్కూలుకొచ్చి తీరిగ్గా చూడొచ్చన్నమాట. ఆకు కోయకుండానే తీయొచ్చు.

చూడటానికి కాగితంతో మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోపు తెప్పించుకోండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం తయారుచేసింది. 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది, జేబులో పడుతుంది, కిందపడినా భయం లేదు. పిల్లలే మడిచి తయారుచేసుకుంటారు. ఆ మడవడం కూడా పాఠమే అని నా అభిప్రాయం, తయారుచేసినవి పంచిపెట్టకండి.

రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు, రంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణాలు, మధ్యలో సందు కనిపిస్తుంది. గడ్డిజాతి ఆకు తీస్తే అవే డంబెల్స్ ఆకారంలో ఉంటాయి. ఆకు పైవైపూ అడుగువైపూ, ఎండలో ఉన్న కొమ్మా నీడలో ఉన్న కొమ్మా పోల్చి లెక్కపెట్టమనండి. ఒక్కో అచ్చులో పదిచోట్ల లెక్కపెట్టి సగటు తీస్తేనే ఆ అంకెకు విలువ. ఆ తర్వాత గన్నేరు ఆకు ఇవ్వండి. ఎన్నిసార్లు తీసినా రంధ్రాలు దొరకవు. మా పిల్లలు తామే తప్పు చేశామనుకుని మూడుసార్లు మళ్లీ తీశారు. గన్నేరులో అవి అడుగువైపు గుంటల్లో, నూగు మధ్య దాక్కుని ఉంటాయి. పాలిష్ అంతలోతుకు పోదు. ఎండకు తట్టుకునే మొక్క నీటిని ఎలా దాచుకుంటుందో అనంతపురం పిల్లలకు వేరే చెప్పాలా? తామరాకు దొరికితే ఇంకో ప్రశ్న వేయండి: అడుగు నీళ్లకు అంటుకుని ఉండే ఆకుకు రంధ్రాలు ఎటువైపు ఉండాలి? ముందు ఊహించి రాయమనండి. తర్వాత తామరతూడు అడ్డంగా కోసి లోపలి గాలి గొట్టాలు చూపించండి.

ప్రశ్న: పిల్లాడిని గార్డెన్‌కు పంపాలంటే పాములు, విషపు మొక్కలు అని భయం. మీరు ఏం జాగ్రత్తలు తీసుకుంటారు?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ భయం సబబే. మా జట్టుకు నియమాలు కొన్నే, కానీ గట్టివి. ఏదీ నోట్లో పెట్టకూడదు, తెలిసిన పండైనా సరే. మొక్కల్ని తాకిన చేత్తో కళ్లు నలుపుకోకూడదు. వేళ్లు మూసుకునే బూట్లు వేసుకోవాలి. రాళ్ల సందుల్లో, ఆకుల కుప్పల్లో చేయి పెట్టకూడదు. తేనెపట్టు కనిపిస్తే గొంతు తగ్గించి దూరంగా జరిగిపోవాలి. బయల్దేరే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మొదటి ఆదివారమే కొన్ని మొక్కలు దూరం నుంచి చూపిస్తాను. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం గింజలు కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు, బొంతజెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే వెంటనే పావుగంటసేపు మంచినీళ్లతో కడుగుతూ, ఆలస్యం చేయకుండా కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. దూలగొండి కాయల నూగు తగిలితే ఒళ్లంతా దురదే. మీవాడికి ఉబ్బసం గానీ అలర్జీ గానీ ఉంటే వయ్యారిభామ పూసే చోట్లకు తీసుకెళ్లొద్దని, మందు వెంట ఉంచమని టీచరుకు రాసివ్వండి.

నిజానికి నేను చూసిన ప్రమాదం గార్డెన్‌లో జరగలేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కాలేజీ ల్యాబులో జరిగింది. ఆకులో పిండి పదార్థం పరీక్ష కోసం స్పిరిటులో ఆకును నేరుగా మంట మీద వేడిచేయించారు. ఆవిరి అంటుకుని ఒక అమ్మాయి ముంజేయి కాలింది. ఆ మచ్చ ఇంకా నా కళ్లముందే ఉంది. అప్పటి నుంచి నేను ఆ పరీక్ష మంట లేకుండానే చేయిస్తాను. ఇంటి నుంచి ఫ్లాస్కులో మరిగిన నీళ్లు తీసుకెళ్తాను. గిన్నెలో ఆ నీళ్లు పోసి, స్పిరిటూ ఆకూ ఉన్న పరీక్షనాళికను అందులో నిలబెడితే పచ్చదనం దిగిపోతుంది. చుట్టుపక్కల అగ్గిపెట్టె కూడా ఉండనివ్వను. మీవాడి స్కూల్లో ఎలా చేయిస్తున్నారో ఒకసారి అడగండి. పాముల కంటే ముందు అడగాల్సింది అదే.

ప్రశ్న: మాది సామర్లకోట. వృక్షశాస్త్రంలో మా ఊరి పేరు ఉందని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా మేడమ్?
– ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని

జవాబు: నిజమే తల్లీ. స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మీ ఊళ్లోనే ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియం, నీలిమందు లాంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల కొండల్లో, తీరంలో మొక్కలు సేకరించి మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలతో ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే పుస్తకం 1795 నుంచి లండన్‌లో భాగాలుగా వెలువడింది, మొత్తం మూడొందల బొమ్మలు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత ఆయనకు అప్పగించారు. కర్నల్ కిడ్ 1787లో మొదలుపెట్టిన తోట అది, పెద్ద మర్రి ఉన్నది.

నాకు ఆయన రాతల్లో ఎక్కువ ఇష్టమైంది, మొక్కల పేర్లు ఇక్కడి జనాన్ని అడిగి తెలుగులో రాసుకోవడం. సోమిద చెట్టు ఉంది కదా, బెరడు చేదుగా ఉంటుంది, జ్వరాలకు వాడేవారు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అంటుంది. మొదటి మాట మన సోమిదే, రెండోదానికి జ్వరాన్ని పోగొట్టేదని అర్థం.

నువ్వూ ఒక పని మొదలుపెట్టు. మీ వీధిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఊళ్లోని చెట్లకు వాళ్లేమంటారో రాసుకో. ప్రతి మొక్కదీ రాలిన చిన్న రెమ్మ ఒకటి పాత పేపర్ల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చు. వారం పది రోజులు రోజూ పేపర్లు మార్చు, లేకపోతే బూజు పడుతుంది. ఎండాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి కాగితానికి కుట్టి, కింద కుడిమూల చీటీ అంటించు: మొక్క పేరు, ఎక్కడ, ఏ తేదీన, ఎంత ఎత్తు, పువ్వు రంగు, పేరు చెప్పినవారు ఎవరు. పువ్వు రంగు తప్పకుండా రాయి, ఎండితే మారిపోతుంది. పేరు చెప్పిన ముసలమ్మ పేరూ తప్పకుండా రాయి. రాక్స్‌బర్గ్‌కు మన మొక్కల పేర్లు చెప్పినవాళ్లెవరో నాకెక్కడా దొరకలేదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. అబ్బాయికి పద్నాలుగేళ్లు, మొక్కలంటే ఇష్టం. వాడికి మన మొక్కతో ఏదైనా చేయించాలని నా కోరిక. పెరట్లో గోంగూర ఏపుగా పెరుగుతుంది కానీ ఏనాడూ విత్తనం చేతికి రాదు, మొగ్గ వేసేలోపే మంచు కొట్టేస్తుంది. విత్తనాలు హైదరాబాదు నుంచే తెప్పించుకుంటాం.
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలోనే ప్రయోగం ఉందమ్మా. గోంగూర పూయాలంటే పగలు తగ్గి రాత్రి పెరగాలి. హైదరాబాదులో ఎండాకాలం పగలు కూడా పదమూడు గంటల పైచిలుకే. మీ దగ్గర జూన్‌లో పదిహేను గంటలు. పగలు తగినంత తగ్గేసరికి సెప్టెంబరు వచ్చేస్తుంది, ఆ వెనకే చలి.

మే నెలలో ఆరు కుండీల్లో విత్తనాలు వేయించండి. మొక్కలు మూరెడు ఎదిగాక, జులై మధ్యలో, మూడింటిని విడిగా పెట్టి సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఎనిమిది దాకా పెద్ద అట్టపెట్టెతో కప్పించండి. మిగతా మూడూ అలాగే ఆరుబయట. నీళ్లు, ఎరువు రెండు జట్లకూ సమానం. పెట్టెలోకి వెలుతురు దూరే సందులుంటే నల్ల టేపు వేయించండి. రాత్రిపూట ఎలా ఉందోనని టార్చి వేసి చూడకూడదని వాడికి గట్టిగా చెప్పండి, కాస్త వెలుతురు పడినా ఆ రాత్రి మొక్క లెక్కలోకి రాకపోవచ్చు. నాలుగైదు వారాలు ఒక్కరోజూ మానకూడదు. ఊరెళ్తే పక్కింటివాళ్లకు అప్పజెప్పాలి.

ఇంకో సంగతి, బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్ మీకు అందుబాటులోనే ఉంటుంది. 1914 నుంచి అక్కడ పిల్లలు తమ మడుల్లో తామే విత్తి, తామే కోసుకుంటున్నారు. ఒక శనివారం తీసుకెళ్లి చూపించండి.

మొదటి మొగ్గ ఏ కుండీలో, ఏ తేదీన, కింది నుంచి ఎన్నో ఆకు చంకలో వచ్చిందో వాడి చేతే రాయించి నాకు పంపండి. కప్పిన మూడూ ఒకే వారంలో మొగ్గ వేశాయా, వేరువేరుగానా అన్నది కూడా రాయమనండి.